కుబేరుడు, దొరసాని, మంచం కింద కురుమూర్తి

గద్వాలలో ఫోటో స్టూడియో నడిపే కురుమూర్తి ఒకనాడు పెళ్లి ఫోటోలు ప్రింటు వేయించుకు రావడానికి హైదరాబాదు పోయాడు. పోయినవాడు ఫోటోలతో తిరిగి రావాలి కదా. ఫోటోలతో పాటు ఒక గాజుతొట్టెనూ, నీళ్లు నింపి మూతి బిగించిన ప్లాస్టిక్ కవర్లనూ మోసుకుని వచ్చాడు. కవర్లలో చేపలు.

బస్సులో దారి పొడవునా ఆ కవర్లను ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. బస్సు గుంతలో పడి ఎగిరినప్పుడల్లా, "డ్రైవరన్నా, జర మెల్లగ! పిల్లలున్నరు!" అని అరిచాడు. పక్క సీట్లో ముసలమ్మ పాపం ఆ పిల్లలెక్కడున్నారోనని సీటు కింద కూడా వెతికింది.

ఇంటి గుమ్మంలో భార్య జములమ్మ ఎదురైంది.

"ఏందయ్యా గిది?"

"అక్వేరియం."

"అంటే?"

"చేపల తొట్టె. ఈశాన్యం మూలకు పెట్టాలె. అండ్ల గీ ఎర్ర చేప ఈత కొడ్తుంటె మన గిరాకి పెరుగుతదంట. జర జరుగు, చెయ్యి గుంజుతున్నది."

జములమ్మ జరగలేదు. తొట్టెను పై నుంచి కింది దాకా చూసింది. "ఇది అక్వేరియం గాదయ్యా, అక్కరలేనియం," అని అప్పుడు జరిగింది.

నిజానికి కురుమూర్తికి అదృష్టం మీద ఉన్న ఆశ కంటే చేపల మీద ఉన్న ఆసక్తే ఎక్కువ. చేపలు కళ్లు మూయకుండా ఎలా నిద్రపోతాయి? నీళ్లలో ఉన్నదానికి దాహమేస్తుందా? అద్దంలో తన మొహం తనకు కనబడితే ఏమనుకుంటుంది? ఇలాంటి అనుమానాలు చిన్నప్పటి నుంచీ అతని బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. దుకాణంలో చేపలమ్మినాయన ఏదో జాగ్రత్త చెప్పబోయాడు కానీ, బస్సు టైమైందని కురుమూర్తి సగంలోనే లేచి వచ్చేశాడు.

ఎర్రచేపకు నెత్తిమీద చిన్న బొడిపె ఉంది. ఆ బొడిపె ఎంత పెరిగితే యజమానికి అంత కలిసొస్తుందని చెప్పి అమ్మారు. దానికి కురుమూర్తి కుబేరుడని పేరు పెట్టాడు. తక్కినవి వేలెడంత కూడా లేని బుల్లి చేపలు. రంగు రంగుల తోకలు విసనకర్రల్లా ఊపుకుంటూ తిరిగేవి. అవి గుంపుగా వచ్చాయి కనుక గుంపు అనే అన్నాడు.

ఇక ఆ ఇంట్లో అప్పటికే ఒక ప్రాణి ఉంది. దొరసాని. పిల్లి. జములమ్మ పుట్టిల్లు అయిజ. అక్కడి నుంచి కళ్లు కూడా సరిగా తెరవని కూనను చేతిసంచిలో తెచ్చి, పాలు పట్టి పెంచింది. ఇప్పుడది నిండుగా పెరిగి, ఇల్లు తనదైనట్టూ వీళ్లిద్దరూ అద్దెకున్నట్టూ నడుస్తుంది.

తొట్టెలో దీపం వెలిగిన మొదటిరోజే దొరసాని దాని ముందుకొచ్చి, తోక కాళ్ల చుట్టూ చుట్టుకుని కూర్చుంది. కూర్చున్నది లేవలేదు.

"ఏయ్, చూడే! నీ పిల్లి చేపల మీద కన్నేసింది!"

"చూడనియ్యయ్యా. పాపం దానికేమన్న సీరియల్ ఉన్నదా?"

"చూస్తున్నది గాదే అది. ఎట్ల తినాలెనో ఆలోచన చేస్తున్నది."

"నువ్వు గూడ పొద్దటి నుంచి గట్లనే కూసున్నవ్. నిన్నేమన్న అన్ననా?"

పది రోజులు గడిచేసరికి కురుమూర్తి అనుమానం గట్టిపడింది. గుంపు పలచబడుతోంది. చేపలను లెక్కపెట్టడం మనుషులను లెక్కపెట్టినట్టు కాదు, నిలబడమంటే నిలబడవు. ఒకసారి ఎక్కువొచ్చేవి, ఒకసారి తక్కువొచ్చేవి. అయినా తొట్టెలో నీళ్లు ఎక్కువ, చేపలు తక్కువ అన్నది గుడ్డివాడికి కూడా తెలిసేటంతగా తెలుస్తోంది. కుబేరుడు మాత్రం నిగనిగలాడుతున్నాడు. బొడిపె కూడా పెరుగుతోంది. కురుమూర్తి ఒక కంటితో ఏడుస్తూ, ఒక కంటితో మురిశాడు.

దొంగ ఎవరో తెలిసిపోయింది కనుక కాపలా మొదలుపెట్టాడు.

మొదట తొట్టె మీద చెక్కపలక వేశాడు. లోపలి ట్యూబులైటు వేడికి పలక వెచ్చగా తయారైంది. సాయంత్రం వచ్చి చూస్తే దొరసాని దానిమీద కాళ్లు బార్లా చాపి పడుకుని ఉంది. అతణ్ణి చూసి ఒక కన్ను తెరిచి, మళ్లీ మూసుకుంది.

"చూసినవా? మీదికే ఎక్కింది!"

"పరుపేసినవు, పన్నది," అంది జములమ్మ. "నాకు గూడ ఒకటి గట్ల వెచ్చగుండేది చేస్తే ఏం పోతది?"

తరవాత ఏదో వారపత్రికలో చదివాడు, పిల్లులకు నిమ్మకాయ వాసన గిట్టదని. సంచీడు నిమ్మకాయలు తెచ్చి సగానికి కోసి, తొట్టె చుట్టూ వరసగా పేర్చాడు. దొరసాని నిజంగానే దగ్గరకు రాలేదు. కానీ అదే సమయానికి వీధి చివరింటి భాగ్యమ్మ మజ్జిగ తోడుకని వచ్చింది. భాగ్యమ్మది భారీ మనిషి. గుండె మాత్రం పిట్ట గుండె. మూలన వెలుగుతున్న దీపం, నీళ్లలో ఎర్రగా నెత్తి ఉబ్బిన ఏదో ఆకారం, చుట్టూ కోసిన నిమ్మకాయలు. చూసి గిన్నె అక్కడే వదిలేసింది.

"ఓయమ్మో, జములమ్మా! మీ ఇంటి మీద ఎవరో ఏందో చేసిన్రు!"

మధ్యాహ్నానికల్లా వీధంతా పాకింది. ఫోటో దిగడానికి వచ్చినవాళ్లు కూడా స్టూడియో గడప బయటే నిలబడి, "అన్నా, ఇంట్ల అంత మంచిదేనా?" అని అడిగి పోసాగారు. జములమ్మ నిమ్మకాయలన్నీ ఏరి, కడిగి, ఉప్పూ కారం పట్టించి జాడీలో పెట్టేసింది.

"నా మందును పచ్చడి చేస్తివా!"

"మందే అయితె అన్నంల కలుపుకో. నీకే పనికొస్తది."

కురుమూర్తి దొరసాని మెడకు గజ్జె కట్టాడు. తొట్టె దగ్గరకు పోతే చప్పుడవుతుంది, ఎక్కడున్నా వచ్చి పట్టుకోవచ్చని ఎత్తు. ఇంట్లో ఉన్నంతసేపూ చెవులు రిక్కించి ఉండేవాడు. అన్నం తింటూ గల్లుమనగానే ఎంగిలిచేత్తో పరుగెత్తాడు. తొట్టె దగ్గర ఎవరూ లేరు. వీధిలో పీచుమిఠాయి అతను గంట వాయించుకుంటూ పోతున్నాడు. పెరుగన్నం కలుపుకుంటుండగా మళ్లీ గల్లుమంది. మళ్లీ పరుగు. ఈసారి పీచుమిఠాయి అతను ఆగి, "ఎంతది గావాలన్నా?" అన్నాడు. వద్దంటే బాగుండదని ఒకటి కొని, గులాబీ రంగు మిఠాయితో లోపలికొచ్చాడు.

"ఏందయ్యా, దొరసాని దొరికిందా?" అంది జములమ్మ. మిఠాయి మాత్రం తీసుకుంది.

రెండు రోజుల్లో దొరసాని గజ్జె మోగకుండా నడవడం నేర్చుకుంది. ఎలా నేర్చుకుందన్నది కురుమూర్తికి ఇంకో కొత్త అనుమానం. దాని వెనక వంగుని నాలుగడుగులు తనూ నడిచి చూశాడు. నడుము పట్టేసింది.

ఆఖరికి పక్కింటి నబీ సాబ్ దగ్గరకు పోయాడు. నబీ సాబ్ దర్జీ. బట్టలకు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్లు చిమ్మే సీసా ఒకటి అతని దగ్గర ఉంది.

"పిల్లిని ఇస్త్రీ చేస్తవా ఏంది కురుమూర్తి?" అన్నాడు నబీ సాబ్ సీసా ఇస్తూ.

"నీళ్లు కొడ్తె పోతదంట సాబ్."

"మా అత్తగారు వచ్చినప్పుడు జర వాపస్ ఇయ్యి."

ఆ సాయంత్రం దొరసాని తొట్టె ముందుకొచ్చి కూర్చోగానే కురుమూర్తి తలుపు చాటు నుంచి గురిచూసి కొట్టాడు. గురి తప్పని ఫోటోగ్రాఫరే కానీ, ఫోటోకి కదలకుండా నిలబడే మనుషులు వేరు, దొరసాని వేరు. అది పక్కకు జరిగింది. నీళ్లు పోయి గోడ మీది స్విచ్చుబోర్డుకు తగిలాయి. ఠప్పుమంది. ఇంట్లో కరెంటు పోయింది. తొట్టెలో బుడగలు ఆగిపోయాయి.

"అయ్యో, చేపలకు గాలి!" అని కురుమూర్తి సైకిలు పంపు తెచ్చి, గొట్టం తొట్టెలో పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టీ కొట్టీ చెమటలు కారుతున్నాయి. ఫ్యూజు వేసే మనిషి ఎంతకీ రాడు. జములమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూస్తూ నిలబడింది. పక్కనే దొరసాని కూడా.

"నాకు దమ్మొచ్చి దవాఖానల పడితే గూడ గింత గాలి కొడ్తవా?"

"మాట్లాడకే, లెక్క తప్పుతది!"

"గాలికి లెక్కేందయ్యా?"

కరెంటు వచ్చాక చూస్తే గుంపులో ఇంకోటి తక్కువ. కురుమూర్తి కోపం తారస్థాయికెళ్లింది. పంపు కింద పడేసి తీర్పు చెప్పేశాడు.

"ఈ ఆదివారం దొరసానిని అయిజకు తోల్తున్న. మీ అమ్మ దగ్గర్నే ఉండనియ్యి."

జములమ్మ మొహంలో నవ్వు పోయింది. దొరసానిని ఎత్తుకుని భుజాన వేసుకుంది.

"అది తిన్నట్టు నీ కండ్లతోని చూసినవా?"

"చూడాలెనా? తెలుస్తలేదా?"

"చూసినవా, లేదా?"

"...లేదు."

"చూడు. చూసి చెప్పు. నీ కండ్లతోని చూస్తే నేనే సంచిల పెట్టి అయిజ బస్సెక్కిస్త. ఇంగొక మాట అనను."

"అది తినలేదని తేలితె నువ్వు చెప్పినట్టు వింట. సరేనా?"

"సరే," అని జములమ్మ లోపలికి పోయింది. ఆ రోజు కూరలో ఉప్పు లేదు. కురుమూర్తి అడగలేదు.

శనివారం మధ్యాహ్నం అన్నం తినగానే, "వనపర్తిల ఫంక్షన్ ఉన్నది, వచ్చేటాలకు పొద్దుగూకుతది," అని చెప్పి కురుమూర్తి ముందు తలుపు నుంచి బయటకు నడిచాడు. సందులో తిరిగి, జములమ్మ మిద్దెమీద ఎండుమిరపకాయలు తిరగేస్తుండగా పెరటి తలుపు నుంచి లోపలికి దూరాడు. తొట్టెకు ఎదురుగా నవారు మంచం ఉంది. దానిమీది దుప్పటి నేల దాకా వేలాడుతోంది. కింద దూరి, వెల్లకిలా పడుకుని, దుప్పటి అంచు కాస్త పైకెత్తి చూశాడు. తొట్టె మొత్తం కనబడుతోంది. ఇంత మంచి ఉపాయం ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అని తన్ను తానే మెచ్చుకున్నాడు.

కాసేపటికి జములమ్మ మిద్దె దిగింది. ఎప్పుడూ పొద్దున ఊడ్చే మనిషి, ఇప్పుడు చీపురు పట్టుకుంది. గదిలోని చెత్తంతా ఊడ్చి ఊడ్చి మంచం కిందికి తోసింది. ఎండుమిరపకాయల గింజలున్నాయి అందులో. కురుమూర్తి ముక్కు గట్టిగా పట్టుకున్నాడు. తుమ్ము చెవుల్లోంచి పోయినట్టనిపించింది. తరవాత తడిబట్ట పెట్టి నేల తుడిచింది. బకెట్ ఒలికి నీళ్లు మంచం కిందికి పారాయి. అంగీ వీపంతా తడిసింది.

అంతలో ఆమె వాకిట్లోకి పోయి పిలిచింది.

"మెహరున్నిసా! ఓ భాగ్యమ్మొదినా! రండి, ఛాయ్ తాగుదం. మా ఆయన లేడు, వనపర్తికి పోయిండు!"

నబీ సాబ్ భార్య మెహరున్నిసా వచ్చి కుర్చీలో కూర్చుంది. భాగ్యమ్మ వచ్చింది. తొట్టెకేసి బెదురుగా చూసి, దానికి వీలైనంత దూరంగా, మంచం మీద కూర్చుంది. నవారు కిందికి దిగింది. దిగి దిగి కురుమూర్తి పొట్ట మీద ఆగింది.

"మంచం గట్టిగున్నదే," అంది భాగ్యమ్మ.

"ఈ మధ్యనే గట్టిపడ్డది," అంది జములమ్మ.

కురుమూర్తి ఊపిరి సగం సగం తీసుకుంటూ తొట్టె వైపు కళ్లు పెట్టాడు. దొరసాని వచ్చింది. తొట్టె దగ్గరకు పోలేదు. నేరుగా మంచం దగ్గరకొచ్చి, దుప్పటి కింద తల దూర్చి, అతణ్ణి వాసన చూసింది. పొమ్మని కనుబొమ్మలతో సైగ చేశాడు. దొరసాని లోపలికొచ్చి అతని చేతి దగ్గరే కూర్చుని, తొట్టె వైపు తిరిగింది. ఇద్దరూ కలిసి చూడసాగారు.

పైన మాటలు నడుస్తున్నాయి.

"రేపు పిల్లిని నిజంగనే అయిజకు తోల్తవా అక్కా?" అని మెహరున్నిసా అడిగింది.

"ఏం జేయాలె మరి. ఆయన అన్నడు."

"ఒక్క పిల్లికి అంత పరేషాన్ ఎందుకే?" అంది భాగ్యమ్మ.

"పిల్లి గాదొదినా." జములమ్మ గొంతు కొంచెం తగ్గింది. "పొద్దంత ఇంట్ల ఒక్కదాన్ని. ఏమన్న అనిపిస్తే ఎవరికి చెప్పుకోవాలె? ఆయనకు చెప్తుంటె 'ఊఁ' అంటడు. ఎందుకు ఊఁ అన్నవయ్యా అని అడిగితె, అప్పుడు తల లేపి 'ఏంది?' అంటడు. దొరసాని ఊఁ గూడ అనదు. కాని నేను మాట్లాడుతుంటె నా దిక్కే చూస్తది. ఆ చెవులు ఇట్ల తిప్పుతది. నాకు గంతే చాలు."

కింద కురుమూర్తి తొట్టె మీంచి చూపు తిప్పి, పైన మాటలకు చెవి పెట్టాడు. పదిహేనేళ్ల కాపురంలో తను ఎన్ని ఊఁలు అని ఉంటాడు? వాటిలో ఒక్కదానికైనా ముందు ఏం మాట ఉందో గుర్తుచేసుకుందామని చూశాడు. ఒక్కటీ గుర్తు రాలేదు. ఇప్పుడు మాత్రం విన్నట్టుగా ఊఁ అనాలనిపించింది. కానీ మంచం కింద నుంచి ఊఁ అనకూడదు.

సరిగ్గా అప్పుడే దొరసాని చెవులు ముందుకు నిక్కాయి. కురుమూర్తి కూడా తొట్టెలోకి చూశాడు.

కుబేరుడు మూలన కదలకుండా ఉన్నాడు. ఒక బుల్లిచేప విసనకర్ర తోక ఊపుకుంటూ అటుగా వచ్చింది. కుబేరుడు నిదానంగా, పెద్దమనిషి పలకరించడానికి వచ్చినట్టు, ఎదురొచ్చాడు. నోరు తెరిచాడు. మూశాడు. బుల్లిచేప లేదు. బయట కాస్త తోక కనబడింది. అదీ పోయింది. నెత్తిమీది బొడిపె నిగనిగలాడింది.

"ఓరి దొంగ నాయాలా!" అని కురుమూర్తి అరిచాడు.

భాగ్యమ్మ ఎగిరింది. ఆమె అంత తొందరగా ఎగరగలదని ఆమెకే తెలియదు. "మంచం మాట్లాడింది! నేను చెప్పలే? ఆ నిమ్మకాయలప్పుడే చెప్పలే? మంచం నన్ను తిట్టింది!" అని మెహరున్నిసాను గట్టిగా పట్టుకుంది. మెహరున్నిసా కొంగు నోట్లో కుక్కుకుని వంగిపోయింది. భయంతో కాదు.

జములమ్మ మాత్రం తొణకలేదు. వంటింట్లోంచి పళ్లెం తెచ్చి ముక్కాలిపీట మీద పెట్టింది. అందులో నాలుగు గ్లాసుల ఛాయ్.

"మంచం గాదొదినా. కూసో. గీ నాలుగోది ఎవరికనుకున్నవ్? మా ఆయన వనపర్తి నుంచి వచ్చిండు."

దుప్పటి లేచింది. ముందు దొరసాని వచ్చింది, దర్జాగా. వెనక కురుమూర్తి పాకుతూ వచ్చాడు. జుట్టులో బూజు, మీసంలో మిరపగింజలు, వీపంతా తడి.

"యా అల్లా! భాయ్, వనపర్తిల వాన పడ్తున్నదా?" అంది మెహరున్నిసా.

కురుమూర్తి గ్లాసు అందుకున్నాడు. ఏం చెయ్యాలో తోచనప్పుడు చేతిలో గ్లాసు ఉండటం మంచిది.

"చూసినవా?" అంది జములమ్మ.

"చూసిన."

"ఎవరు తిన్నరు?"

కురుమూర్తి ఛాయ్ ఊదాడు. మళ్లీ ఊదాడు. "కుబేరుడు," అన్నాడు గ్లాసులోకి.

"ఇనపడలే."

"కుబేరుడే తిన్నడే! దొరసాని తినలే! అది పాపం కూసోని చూసింది, గంతే!"

"నీకు ఎన్నటి నుంచి తెల్సు అక్కా?" అంది మెహరున్నిసా.

"మొదటి వారం నుంచే. పొద్దంత ఇంట్ల ఉండేది నేనే కద. చెప్దమని పోతె ఊఁ అన్నడు."

కురుమూర్తి అన్నాడో లేదో అతనికి గుర్తులేదు. అనే ఉంటాడు.

మరునాడు ఆదివారం అయిజ బస్సు దాని టైముకు అది పోయింది. కురుమూర్తి ఇంకో చిన్న తొట్టె తెచ్చి, మిగిలిన బుల్లిచేపలను జాగ్రత్తగా అందులోకి మార్చాడు. కుబేరుడు పెద్దతొట్టెలో ఒంటరి రాజ్యం ఏలసాగాడు. చిన్నతొట్టె ముందు జములమ్మ ఒక గోనెపట్టా మడిచి వేసింది. దానిమీద దొరసాని వచ్చి కూర్చుంది. ఎవరూ దాన్ని అదిలించలేదు.

చెప్పినట్టు వింటానన్న మాటకు జములమ్మ పెద్దగా ఏమీ అడగలేదు. మధ్యాహ్నం స్టూడియో మూసి ఇంటికొచ్చినప్పుడు అన్నం తిన్నాక కాసేపు కూర్చోమంది. తను మాట్లాడుతుంటే తనవైపు చూడమంది. ఊఁలు కుదరవంది. మొదటిరోజు కురుమూర్తి కుదురుగా కూర్చుని, చెవులు కూడా తిప్పడానికి ప్రయత్నించాడు. కనుబొమ్మలు మాత్రమే కదిలాయి. జములమ్మ నవ్వు ఆపుకోలేక మాట మరిచిపోయింది.

అంతా సర్దుకున్నా ఒక అనుమానం మాత్రం అతణ్ణి వదల్లేదు. అన్నం తింటూ అడిగాడు.

"అవునే, నేను మంచం కింద ఉన్నట్టు నీకెట్ల తెల్సింది? నువ్వు మిద్దెమీద ఉంటివి. చెప్పులు చేతుల పట్టుకోనే వచ్చిన. చప్పుడు గూడ చెయ్యలే."

"దొరసానిని అడుగు," అని జములమ్మ గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది.

కురుమూర్తి అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. మెల్లగా పోయి, గోనెపట్టా అంచున, దొరసానికి ఎదురుగా, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"జర చెప్పవే," అన్నాడు గొంతు తగ్గించి. "ఎట్ల తెల్సింది?"

దొరసాని అతణ్ణి చూసింది. ఒక చెవి తిప్పింది. ఆవులించింది.

వంటింట్లోంచి జములమ్మ గొంతు వినబడింది. "చెప్పిందా?"

"ఇంగ చెప్పలే," అన్నాడు కురుమూర్తి, ఇంకొంచెం దగ్గరకు జరుగుతూ.